నీడనిచ్చే చీనీ, నీడ కోరే లంగ్‌వర్ట్: అనంతపురం పెరటికి ఏది?

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇంటి తోటల శీర్షిక కింద ఇటీవల వచ్చిన వ్యాసంలో, పెరట్లో ఎండ పడే చోటికి చీనీ (బత్తాయి) చెట్టును, ఆ చెట్టు కింద నీడ పడే చోటికి లంగ్‌వర్ట్ అనే పూలమొక్కను సూచించి, రెండింటి ఎత్తు, పూత కాలం, నీటి అవసరం వంటి వివరాలను ఒక పట్టికలో పక్కపక్కన పెట్టి పోల్చారు. వ్యాసం శ్రద్ధగా రాసినదే. అందులో ఒక్కో మొక్క గురించి చెప్పిన మాటలను విడిగా చూస్తే తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. అయితే మొక్క ఏ వాతావరణంలో పుట్టింది, దాన్ని నాటబోయేది ఏ ఊళ్ళో అన్న గడి మాత్రం ఆ పట్టికలో లేదు. ఆ ఒక్క గడి లేకపోవడం వల్ల మా జిల్లా పాఠకులు డబ్బు, నీళ్ళు వృథా చేసుకునే అవకాశం ఉన్నందున ఈ ఉత్తరం రాస్తున్నాను.

లంగ్‌వర్ట్‌ను మనవైపు చూసినవారు చాలా తక్కువ కాబట్టి ముందుగా దాని గురించి చెప్పడం న్యాయం. పల్మనేరియా అన్న శాస్త్రీయ నామం గల ఈ మొక్క ఐరోపా, పశ్చిమాసియా అడవుల్లో చెట్ల కింద పెరుగుతుంది. ఎత్తు అడుగుకు అటూ ఇటూ ఉంటుంది, దుబ్బుగా నేలనంటుకుని మెల్లగా విస్తరిస్తుంది. నూగుతో గరుకుగా ఉండే ఆకుల మీద వెండి చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. ఆ చుక్కల్లో వేరే రంగేమీ లేదు. ఆకు పైపొర కింద గాలి నిండిన చిన్న ఖాళీలు ఉండి, వాటి మీద పడిన వెలుతురు వెనక్కి తిరగడం వల్ల తెల్లగా మెరుస్తాయి. పూలు గులాబీ రంగులో విచ్చుకుని, రేకుల కణరసంలో ఆమ్లత తగ్గేకొద్దీ నీలానికి తిరుగుతాయి కనుక ఒకే గుత్తిలో రెండు రంగులూ కనిపిస్తాయి. చలికాలం ముగిసీ ముగియకముందే పూస్తుంది కాబట్టి అక్కడి తేనెటీగలకు తొలి ఆధారాల్లో ఇదొకటి. చుక్కల ఆకు ఊపిరితిత్తిని పోలి ఉందన్న ఊహతో పూర్వం ఐరోపావారు దీన్ని దగ్గుకు మందుగా వాడారు. అది ఆకును చూసి చేసిన వైద్యమే కాబట్టి ఆ ఆశతో ఎవరూ కొనవలసిన పని లేదు. అందం మాత్రం కాదనలేనిది. వ్యాసకర్త ముచ్చటపడటంలో వింత లేదు.

అసలు చిక్కు ‘నీడలో పెరుగుతుంది’ అన్న వాక్యం దగ్గర వస్తుంది. ఐరోపా అడవుల్లో ఓక్, బీచ్ వంటి చెట్లు చలికాలమంతా ఆకు లేకుండా మోడులై నిలబడతాయి. లంగ్‌వర్ట్ సరిగ్గా ఆ చెట్లు చిగురించకముందే లేత ఎండలో పూత ముగించుకుని, ఎండ ముదిరే నాటికి పైన ఆకుల గొడుగు సిద్ధమయ్యాక దాని కింద తలదాచుకుంటుంది. మనవద్ద క్రమం తలకిందులు. వేప మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, ఉగాదికి పూతకు వస్తుంది. అంటే ఎండలు మొదలయ్యే రోజుల్లోనే దాని నీడ పలచబడుతుంది. చీనీ అయితే ఏడాది పొడవునా పచ్చగా, దట్టంగా ఉండే చెట్టు కాబట్టి దాని కింద చలికాలపు ఎండ కూడా సరిగా పడదు. ఇలా ఒక చెట్టు నీడ అవసరమైనప్పుడు తప్పుకుంటుంది, మరొకటి ఎండ అవసరమైనప్పుడు అడ్డం నిలుస్తుంది. లంగ్‌వర్ట్‌కు కావలసిన నీడ ఈ రెండింటిలో ఏదీ కాదు.

వానను బట్టి చూసినా లెక్క తేలదు, పైగా మోసపోతాం. అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. లండన్ నగరంలో కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లు. అంకెలు మాత్రమే చూసేవారికి ఈ రెండు ఊళ్ళు అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. కానీ అక్కడి వాన పన్నెండు నెలలకూ పంచినట్టు తుంపర తుంపరగా పడుతుంది, నడి వేసవిలో సైతం సగటు పగటి వేడి 23, 24 డిగ్రీలే కాబట్టి పడిన తడి నేలలోనే నిలుస్తుంది. మన వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపల, అదీ కొన్ని గట్టి జల్లుల్లో పడిపోతుంది. తరువాత నెలల తరబడి చినుకుండదు, గాలి ఆగదు, ఏప్రిల్, మే నెలల్లో పాదరసం 40 డిగ్రీలు దాటుతుంది. మన ఎర్ర గరుసు నేలలో ఉదయం పోసిన నీళ్ళు సాయంత్రానికి జాడ లేకుండా పోతాయి. ఎండిన ఆకులు కుళ్ళి మెత్తబడిన, ఎప్పుడూ చెమ్మగా ఉండే అడవి మట్టికి అలవాటుపడిన మొక్క, ఐరోపాలోనే కాస్త వేడి పెరిగితే ఆకులు వాల్చి నేలకు పడిపోతుంది. మట్టి ఆరితే బూడిద తెగులు పట్టి ఆకులు తెల్లబడతాయి. మైనస్ 25 డిగ్రీల చలిని నేలలో దాక్కుని దాటగల మొక్కే, మే నెలలో రాత్రి కూడా సరిగా చల్లబడని మా ఊళ్ళో ఒక్క వేసవి దాటలేదు.

నీడలో కుండీ పెట్టి, రోజుకు రెండుసార్లు నీళ్ళు చల్లితే బతకదా అని అడిగేవారుంటారు. నీళ్ళు చల్లి మట్టిని తడపగలం గానీ రాత్రిని చల్లబరచలేం. దీనికి పూతకు ముందు చలికాలపు విశ్రాంతి కూడా కావాలి, అది కాశ్మీరు వంటి చోట్ల దొరుకుతుంది, అనంతపురంలో దొరకదు. ఇంకో మాట. చుక్కల ఆకుల ఫొటోలు పెట్టి ఆన్‌లైన్‌లో దీని విత్తనాల ప్యాకెట్లు అమ్ముతున్నారు. మంచి రకాల లంగ్‌వర్ట్‌ను పాశ్చాత్య దేశాల నర్సరీలు దుబ్బులు విడదీసి పెంచుతాయి. పేరున్న రకం విత్తనం వేస్తే మొలిచే మొక్క తల్లిలా ఉంటుందన్న భరోసా లేదు. మా వీధిలో ఒకావిడ తెప్పించుకున్న ప్యాకెట్టులోంచి మొలకే రాలేదు. వచ్చి ఉంటే ఏప్రిల్‌లో పోయేది, ఆవిడకు ఆ శ్రమ తప్పింది.

ఇదే న్యాయం అటువైపూ వర్తిస్తుంది. నారింజ జాతి చెట్ల మీద మోజుపడిన ఐరోపా రాజులు వాటిని చలి నుంచి కాపాడుకోవడానికి ప్రత్యేకంగా భవనాలే కట్టించుకున్నారు. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ కోటలో 1684, 1686 మధ్య నిర్మించిన నారింజల మందిరం అలాంటిదే. చెక్క తొట్లలో పెంచిన చెట్లను వేసవిలో బయట నిలబెట్టి, చలి మొదలవగానే లోపలికి చేరుస్తారు, ఆ పద్ధతి నేటికీ సాగుతోంది. రాజు ఖజానా ఉన్నవారికి అది చెల్లింది. లంగ్‌వర్ట్ కోసం మనం ఏసీ గది కట్టించలేం కదా.

ఇక చీనీ సంగతి. పంపర పనస, కమలా జాతుల కలయికతో పూర్వమెప్పుడో పుట్టిన ఈ చెట్టు ఆసియాదే, మన ఎండకు ఓర్చేదే. తాడిపత్రి, పుట్లూరు, యల్లనూరు, నార్పల ప్రాంతాల్లోనూ, కడప జిల్లాలో పులివెందుల, లింగాల వైపూ ఎకరాల కొద్దీ తోటలున్నాయి. అనంతపురం మార్కెట్ యార్డులో చీనీ వేలం చూసినవారికి ఈ పంట జిల్లాకు ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. తోటల్లో ఎక్కువగా ఉన్నది సాత్‌గుడి రకం. మన కాయ పండినా పచ్చగానో, పసుపు పచ్చగానో ఉండటం చూసి పచ్చికాయ అనుకునేవారున్నారు. ఆ జాతి కాయ తొక్క పూర్తిగా నారింజ రంగుకు తిరగాలంటే రాత్రులు చల్లబడాలి. మన రాత్రులకు ఆ చల్లదనం లేదు గనుక లోపల తీపి నిండినా బయట పచ్చదనం పోదు. లంగ్‌వర్ట్‌ను బతకనివ్వని వెచ్చని రాత్రి చీనీ కాయకు రంగు మాత్రమే తగ్గిస్తోంది, ప్రాణానికి ముప్పు తేవడం లేదు.

అయితే వ్యాసంలో రాసినట్టు చీనీ ‘తక్కువ శ్రమతో పెరిగే చెట్టు’ అన్న మాటను నేను ఒప్పుకోను. బోర్లు ఎండిపోయిన కరువు ఏళ్ళలో మా రైతులు ట్యాంకర్లతో నీళ్ళు తోలి చెట్లను నిలబెట్టుకున్నారు; తోలలేనివారు ఎండిన చెట్లను నరికి కట్టెలుగా అమ్ముకున్నారు. ఇంటి పెరట్లో ఉన్నది ఒక్క చెట్టే అయినా దానికి వేసవి పొడుగునా నీళ్ళు కావాలి, కనీసం ఆరు గంటల ఎండ కావాలి, ఎదిగాక కొమ్మలు చాచడానికి ఇరవై అడుగుల వెడల్పు జాగా కావాలి. రెండు సెంట్ల స్థలంలో గోడ నుంచి గోడకు ఇల్లు కట్టుకున్నవారికి ఇది సాగదు. కుళాయి నీళ్ళకే కటకటలాడే ఇంట్లో చీనీ కంటే సీతాఫలమో, దానిమ్మో వేసుకోవడం మంచిది. అవి కొన్నాళ్ళు నీళ్ళు తప్పినా ఓర్చుకుంటాయి.

జాగా, నీళ్ళు రెండూ ఉన్నవారికి మాత్రం చీనీని మించిన పెరటి చెట్టు లేదని నా అభిప్రాయం. నాటిన నాలుగైదేళ్ళకు కాపుకు వస్తుంది, పూత వచ్చినప్పుడు వీధి చివరి దాకా వాసన కొడుతుంది, ఎండాకాలం మధ్యాహ్నం దాని కింద నులక మంచం వేసుకోవచ్చు. అయితే ఇళ్ళలో చీనీ చెట్లు పాడయ్యేది ఎక్కువగా చీడల వల్ల కాదు, మనం ప్రేమతో చేసే పనుల వల్లనే. చెట్టు మొదలు దగ్గర నీళ్ళు నిలిచేలా కాండం చుట్టూ పాది తీసి, రోజూ మొదలు తడిసేలా పోస్తాం. చీనీకి అది విషం. తడి అంటుకుని ఉన్న మొదలుకు శిలీంధ్రం సోకి, బెరడు పగిలి తేనె రంగు జిగురు కారుతుంది. దాన్నే రైతులు బంక తెగులు అంటారు. గమనించే సరికి బెరడు చుట్టూ కుళ్ళి చెట్టు ఒకవైపు నుంచి ఎండిపోతుంటుంది. అందుకే తోటల్లో రెండు వలయాల పాది చేస్తారు: కాండం చుట్టూ అడుగున్నర, రెండడుగుల వరకు మట్టి ఎగదోసి పొడిగా ఉంచుతారు, దానికి అవతల కొమ్మల అంచు కిందికి వచ్చేలా కాలువ తీసి అందులో నీళ్ళు కడతారు. నీళ్ళు తాగే సన్న వేర్లు ఆ అంచు దగ్గరే ఉంటాయి కాబట్టి చెట్టుకు లోటు రాదు.

అంటు సంగతి కూడా చెప్పాలి. మన చీనీ మొక్కలు రంగపూర్ నిమ్మ లేదా జంబేరి నిమ్మ వేరు మీద కన్ను అంటు కట్టినవి. ఆ అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన ఉండాలి, మట్టి ఎగదోసేటప్పుడు దాన్ని కప్పకూడదు. దాని కింది నుంచి వచ్చే చిగురును ఎప్పటికప్పుడు తుంచేయాలి. తుంచకపోతే కింది నిమ్మ బలిసి, పైన చీనీ క్షీణించి, ఐదో ఏట నోట పెట్టలేనంత పుల్లని కాయలు కాస్తాయి. నర్సరీవాళ్ళు మోసం చేశారని తిట్టుకునే ఇళ్ళలో చాలా చోట్ల జరిగింది ఇదే. మొక్కను రోడ్డు పక్క కొనకుండా, తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన కేంద్రం వంటి చోట తెగుళ్ళు లేవని పరీక్షించిన అంట్లు తెచ్చుకోవడం మేలు.

మరో రెండు విషయాలు ఇటీవలివి. ఇంటింటా ఆర్‌ఓ యంత్రాలు వచ్చాక, అది వదిలే నీళ్ళను చెట్లకు పోయడం అలవాటైంది. మా బోరు నీళ్ళలో అసలే ఉప్పు ఎక్కువ. యంత్రం వదిలిన నీళ్ళలో ఆ ఉప్పంతా చిక్కబడి ఉంటుంది. కొబ్బరి ఓర్చుకుంటుందేమో గానీ నిమ్మజాతి చెట్లు ఉప్పును సహించవు, ఆకు కొసలు మాడి రాలిపోతాయి. ఆ నీళ్ళు వాకిలి కడగడానికి వాడుకోవాలి. రెండోది తిప్పతీగ. కరోనా తరువాత రోగనిరోధక శక్తి పేరుతో ప్రతి గోడ మీదికీ దీన్ని పాకించారు. పండిన కాయకు రాత్రిపూట ముక్కు గుచ్చి రసం పీల్చే రెక్కల పురుగు తన పిల్ల దశను గడిపేది తిప్పతీగ, దూసరితీగ ఆకుల మీదే. పొద్దున చూస్తే కాయ మీద సూది మొనంత రంధ్రం, దాని చుట్టూ మెత్తబడిన గోధుమరంగు మచ్చ. మర్నాటికి కాయ రాలిపోతుంది. చీనీ ఉన్న దొడ్లో తిప్పతీగ పెంచడమంటే ఆ పురుగుకు పురుడు పోసినట్టే. లేత చిగురు మీద పిట్ట రెట్టలా కనిపించే మచ్చల గొంగళి ఇంకొకటి ఉంది. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల, పెద్దదైతే పచ్చగా మారుతుంది. మందు కొట్టనక్కరలేదు, చేత్తో ఏరేయవచ్చు. ఎదిగిన చెట్టయితే నాలుగు ఆకులు దానికి వదిలేసినా నష్టం లేదని నా మతం.

ఇప్పుడు వ్యాసం లేవనెత్తిన అసలు ప్రశ్నకు వస్తాను: ఆ చెట్టు నీడలో ఏం పెట్టాలి? పాదిలో మాత్రం ఏమీ నాటకూడదు. చీనీ వేర్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటుంది, పార తగిలితే తెగుతుంది, తెగిన చోట తెగులు చేరుతుంది. పైగా నీడ మొక్కకు రోజూ పోసే నీళ్ళు చెట్టు మొదలుకు చేరతాయి. అంటే లంగ్‌వర్ట్ ఇక్కడ బతికే మొక్కే అయినా, చీనీ కింద నాటమన్న సలహా చీనీకే చేటు. కాబట్టి కొమ్మల అంచుకు ఇటుకలు పేర్చి, వాటి మీద కుండీలు పెట్టుకోవాలి. ఆ కుండీల్లో నా మొదటి ఓటు కనకాంబరానికి. సగం నీడలో చక్కగా పూస్తుంది, జడలోకి పనికివస్తుంది. నారింజ రంగు ఢిల్లీ కనకాంబరం విత్తనం కట్టదు కాబట్టి కొమ్మ కత్తిరింపులతో పెంచుకోవాలి. దానికి వేర్లను పట్టే నులిపురుగుల బెడద ఉంది గనుక కుండీలో ఉండటమే అన్నివిధాలా మంచిది. వామాకు, తమలపాకు, పసుపు కూడా ఆ పలచని నీడలో వస్తాయి.

చుక్కల ఆకులే కావాలంటే అగ్లోనీమా, కాలాడియం, పోల్కా డాట్ మొక్క ఉన్నాయి, అనంతపురం నర్సరీల్లోనే దొరుకుతాయి. డైఫెన్‌బేకియా కూడా అందమైనదే గానీ దాని ఆకు నమిలితే నోరు వాచిపోతుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. రంగు మారే పూలే ముచ్చటైతే, తెల్లగా విచ్చి మరుసటి రోజుకు గులాబీ, ఆపై ఎరుపు తిరిగే రాధామనోహరం తీగను ఎండ తగిలే ప్రహరీ మీదికి ఎక్కించుకోవచ్చు. ఇక లంగ్‌వర్ట్ బంధువునే చూడాలని పట్టుబట్టేవారు పొలం గట్ల మీద గువ్వగుత్తిని చూడాలి. అదే కుటుంబానిది, అలాగే గరుకు ఆకులు, తల వంచుకుని పూసే లేత నీలి పూలు. ఎవరూ నీళ్ళు పోయకపోయినా మొలుస్తుంది, కలుపు అని పీకేస్తారు.

సంపాదకులు గారికి నా విన్నపం ఒక్కటే. ఇంటి తోటల శీర్షికలో కొత్త మొక్కను పరిచయం చేసినప్పుడల్లా అది తట్టుకోగల వేడి, కోరుకునే రాత్రి చల్లదనం, నీళ్ళ లెక్క రాసి, మన రాష్ట్రంలో ఏ జిల్లాలకు పనికివస్తుందో, ఏ జిల్లాలకు పనికిరాదో ఒక వరుసలో అచ్చువేయండి. అరకు, అనంతపురం ఒకే పేజీ చదువుతాయి గానీ ఒకే మొక్క పెంచలేవు. ఉద్యాన శాఖ అధికారులకు గానీ, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలకు గానీ వ్యాసాన్ని ముందుగా చూపితే ఈ వరుస రాయడం కష్టం కాదు. చీనీ అంట్లు నాటడానికి వానలు పడే జూలై నుంచి అదను. ఆ లోపల రెండు వలయాల పాది ఎలా తీయాలో బొమ్మతో సహా ప్రచురిస్తే ఈ ఏడాది గుంతలు తవ్వుకునేవారికి అక్కరకు వస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
అనంతపురం